కత్తిలో ఉండిపోయిన చెయ్యి

సాన పని నేర్చుకుంటామని ఈ మధ్య నా దగ్గరికి నలుగురైదుగురు పిల్లలు వచ్చారు. ఎక్కడో ఎవరో కత్తి చేస్తున్న వీడియో ఫోన్లో చూపించి, అందరూ మొదట ఒకే ప్రశ్న అడిగారు: "అంచుకు ఎన్ని డిగ్రీల వాలు పెట్టాలె అమ్మా?"

నాకు తెలియదు. ఇరవై ఏళ్ళకు పైగా వనపర్తిలో కత్తులకు సాన పట్టాను కానీ ఒక్కనాడూ కొలిచింది లేదు. కొట్టు మూసి ఏడాది దాటింది. వేళ్ళ కొసల్లో స్పర్శ సగం పోయింది. చాయ్ గ్లాసు కాలుతోందో లేదో పెదవికి ఆనించుకుంటే తప్ప తెలియదు. పని ఎలాగూ చూపించలేను కాబట్టి రాస్తున్నాను. ఎన్ని కత్తులు పట్టాను, ఎవరెవరు మెచ్చుకున్నారు అనేది రాయను. దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. అంతకంటే ముందు ఈ పనంటే ఏమిటో కొంచెం చెప్పాలి.

చేతితో పట్టడం

మాది తెలకపల్లి దగ్గరి పల్లె. పెళ్ళయినప్పటి నుంచి నేనూ నా భర్త యోహానూ పూణేలో బిల్డింగు పనికి పోయేవాళ్ళం. అక్కడ అతని కాలు మీద సెంట్రింగు కూలింది. తిరిగి వచ్చేశాం. అతను కూర్చుని చేసే పని వెతుక్కున్నాడు. నాకు వనపర్తిలో ఖాసిం సాబ్ సాన కొట్టులో ఊడ్చే పని దొరికింది. అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు.

ఒకరోజు ఊడుస్తూ ఊడుస్తూ, "కాలుతున్నది చాచా" అన్నాను. ఆయన చేతిలో ఉన్న కత్తి నుంచి సన్నటి వాసన వచ్చింది. ఆయన చటుక్కున కత్తిని నీళ్ళలో ముంచి నా వైపు తిరిగాడు. ఆయన కళ్ళకు అప్పటికే పొర కమ్ముతోంది. కొన దగ్గర వచ్చిన నీలి రంగు ఆయనకు కనిపించలేదు. ఉక్కు నీలంగా మారిందంటే దాని సత్తువ పోయినట్టే. ఎంత పదును పెట్టినా నిలవదు.

"చీపురు ఆడ పెట్టి ఇటు రా" అన్నాడు.

అట్లా మొదలైంది. నాలుగు నెలలు లారీ కమాను పట్టీల ముక్కలే పట్టించాడు. మోచేతులు పక్కటెముకలకు ఆనించాలి. చేతులు కదలకూడదు, నడుము కదలాలి. ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒళ్ళంతా ఊగుతూ పోవాలి. పదును వైపు పైకి ఉండాలి. చేతికి తొడుగు వద్దు, ఎందుకంటే ఉక్కు వేడెక్కేది మొదట వేళ్ళకే తెలుస్తుంది. ఒక్కసారి గీయగానే నీళ్ళ డబ్బాలో ముంచాలి. నిప్పురవ్వలు చూడకూడదు, వాటి వెనక ఉక్కు మీద తేలే మెరుపు చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, అదమకూడదు. సాన తన పని తాను చేస్తుంది. మనం చేయవలసింది దానికి అడ్డం రాకుండా ఉండడం.

నా కుడి వైపు గీత తొందరగానే కుదిరింది. ఎడమ వైపు మాత్రం ఎన్నాళ్ళకూ కుదరలేదు. అందరికీ ఒక చెయ్యి మంచిదీ, ఒకటి చెడ్డదీ ఉంటుంది. చేతితో పట్టేవాళ్ళకు ఇది మొదటి గండం. మంచి చేతి వైపు ఉత్సాహంగా ఎక్కువ చెక్కేస్తాం, చెడ్డ చేతి వైపు భయపడి తక్కువ చెక్కుతాం. కత్తి చూడ్డానికి బాగానే ఉంటుంది, లోపల వంకర.

"నీ ఎడమ చెయ్యి అబద్ధమాడుతది బిడ్డా" అనేవాడు ఖాసిం సాబ్. "దాన్ని నమ్మి గిరాకీ కత్తి ముట్టకు."

ఆయన గురించి నిజం కూడా చెప్పాలి. గొప్ప పనివాడు, మంచి గురువు కాదు. నాలుగు నెలల్లో రెండు నెలలు ఉత్తి పుణ్యానికే పోయాయి. తప్పు జరిగిందని చెప్పేవాడు కానీ ఎందుకు జరిగిందో చెప్పేవాడు కాదు. రెండు వైపులా సమంగా లేని కత్తి ఏం చేస్తుందో ఆ రోజుల్లోనే ఒక్క మాట చెప్పి ఉంటే, నేను ఇప్పుడు ఇది రాసేదాన్ని కాదేమో. నేర్పేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి.

చాచా కత్తి చదవడం

చూపు తగ్గేకొద్దీ ఆయన బొటనవేలితో చూసేవాడు. కత్తి తీసుకుని పిడి పక్కనుండే మడమ దగ్గర నుంచి కొన దాకా మెల్లగా తడిమేవాడు. ఆ తర్వాత కత్తి తెచ్చిన మనిషి గురించి చెప్పేవాడు.

గద్వాల నుంచి ఒక మటన్ కొట్టాయన వచ్చేవాడు. ఒకసారి చాచా ఆయన కత్తి తడిమి, "చెయ్యి వణుకుతున్నదా భాయ్?" అని అడిగాడు. ఆయన నవ్వి లేదన్నాడు. మరుసటి ఏడాదికి ఆ మనిషి చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నాడు.

ఇంకోసారి ఒకతను కూరగాయల కత్తి తెచ్చాడు. చాచా తడిమి, దాన్ని పక్కన పెట్టి, "ఇది పట్టినామె ఇప్పుడు లేదు గదా" అన్నాడు. వచ్చినతను నిలబడినచోటే కూలబడి ఏడ్చాడు. వాళ్ళమ్మ పోయి ఎనిమిది రోజులు.

అతను వెళ్ళాక నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"ఎట్ల తెలిసింది చాచా?"

"ఇండ్ల ఇద్దరి చేతులున్నయి" అన్నాడు, ఏదో మామూలు విషయంలాగా. "ఒక చెయ్యి ఇరవై ఏండ్లు కోసింది. కోసినకాడ గుంత పడ్డది. దాని మీద ఇంకో చెయ్యి వచ్చింది, కొత్త చెయ్యి. దానికి సొంత దారి లేదు. పాత గుంత వెంబడి పోతున్నది. మనిషి పోయినా కత్తిల చెయ్యి ఉంటది బిడ్డా. కొత్తగా పట్టుకున్నోన్ని అది తన దారికే గుంజుతది."

అప్పుడు నాకు అది ఒక ముసలాయన మాటలాగా అనిపించింది. తర్వాత నేనే వందల కత్తుల్లో చూశాను. అందులో మాయ లేదు. అరిగిన చోట కత్తి తేలికగా దిగుతుంది, చెయ్యి తేలికైన దారినే వెతుక్కుంటుంది. అంతే. కానీ ఇలా విడమరిచి చెప్పినంత మాత్రాన భయం పోదు.

బాలయ్య గౌడు

ఖాసిం సాబ్ కళ్ళ ఆపరేషన్‌కు పోయాడు. వారం రోజులు కొట్టుకు రానన్నాడు. "ఊడ్చి, తాళమేసుకో. గిరాకీ వస్తే వారం తర్వాత రమ్మను. కత్తి ముట్టకు" అని నాలుగుసార్లు చెప్పాడు.

మూడో రోజు వీపనగండ్ల వైపు నుంచి బాలయ్య గౌడు వచ్చాడు. కల్లు గీసేవాడు. నలభై ఏళ్ళుంటాయి. గీత కత్తికి రోజూ పదును వాళ్ళే పెట్టుకుంటారు, రాతిపొడి చల్లిన చెక్క మీద. ఏడాదికోసారి మాత్రం మందం తీయించడానికి మా దగ్గరికి తెస్తారు. తాటి చెట్ల కాలం మొదలవుతోంది. ఆయనకు తొందరగా ఉంది.

"చాచా లేడన్నా. వారం అయితది" అన్నాను.

"వారమంటే ఎట్ల చెల్లె? గెలలు వచ్చినయి. నువ్వు నేర్చుకుంటున్నవంట గదా?"

"నాకింకా రాదన్నా."

"ఒచ్చినోళ్ళందరు కడుపుల నుంచే నేర్చుకోని వచ్చిండ్రా?" అని కత్తి నా చేతిలో పెట్టాడు. "నువ్వే పట్టు. నేను చూస్త."

ఆ కొట్టులో నన్ను నమ్మి కత్తి చేతిలో పెట్టిన మొదటి మనిషి ఆయన. ఆ నమ్మకం నాకు తలకెక్కింది. కొంగు నడుముకు బిగించి సాన ముందు నిలబడ్డాను. కుడి వైపు ఎంత చక్కగా వచ్చిందంటే, ఆపబుద్ధి కాలేదు. ఎడమ వైపు రెండుసార్లు జారింది. గీత పైకి పోయింది. ఇంకా చెక్కితే అందరికీ కనబడేలా చెడిపోతుందని భయపడి అక్కడికే ఆపేశాను. సన్న గరుకు పట్టా మీద వేసి మెరుగు పెట్టాను. మెరుగు పెడితే వంకర కనిపించదు. అది నాకు తెలుసు. తెలిసే పెట్టాను.

బాలయ్య గౌడు కత్తిని ఎండకు పెట్టి చూసి, "అద్దమోలె ఉన్నది చెల్లె" అని సంతోషంగా పోయాడు.

చాచాకు చెప్పలేదు.

ఆ కాలం చివర్లో, వీపనగండ్ల అంగడి నుంచి వచ్చిన ఒకతను మాటల్లో అన్నాడు, బాలయ్య గౌడు చెట్టు మీది నుంచి పడి చనిపోయాడని. చెట్టెక్కే మోకుతాడు తెగిందని కొందరు, వాన పడి చెట్టు జారిందని కొందరు అన్నారట. నేను అయ్యో అన్నాను. నిజంగానే బాధపడ్డాను. నా కత్తికీ దానికీ సంబంధం ఉంటుందని అప్పుడు నా ఊహకు కూడా రాలేదు.

మూడేళ్ళ తర్వాత

మధ్యాహ్నం. రోడ్డు మీద మనిషి లేడు. ఒకావిడ తువ్వాలలో చుట్టిన కత్తి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"బాలయ్య గౌడు పెండ్లాన్ని, పద్మమ్మను" అంది. "వీపు మీద తుప్పు పట్టింది. జర అది తియ్యిండ్రి. అంచు మాత్రం ముట్టొద్దు."

"అంచు ఎందుకు ముట్టొద్దక్కా?"

ఆమె ఒకసారి రోడ్డు వైపు చూసింది. చెప్పొచ్చో లేదో అనుకున్నట్టుంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. భర్త పోయాక కత్తిని రెండేళ్ళు చూరులో దోపిందట. ఈ ఏడు మరిది శ్రీను దాన్ని పట్టుకుని చెట్టెక్కాడట.

"శ్రీను చిన్నప్పటి సంది నిటారుగ ఎక్కేటోడు. ఈ కత్తి పట్టుకున్న నెలకే ఎడమ భుజం దించుతున్నడు. తల వంచుతున్నడు. ఆయన గట్లనే ఎక్కుతుండె, ఆఖరి ఏడు. కింద నిలబడి చూస్తే ఆయనే అక్కా. అచ్చం ఆయనే." ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. ఏడుపు వల్ల కాదు. "ఆయన తమ్ముని మీదికి వచ్చిండు. ఊరంత అంటున్నరు."

"శ్రీను ఏమంటడు?"

"వాడు భయపడుతున్నడు. చెట్టు మీద ఎవరో మోచెయ్యి నూకుతున్నరంటడు. పిచ్చోడు. సొంత అన్న నూకితే భయమేంది?"

బజారులో పని చూసుకుని వస్తానని ఆమె వెళ్ళింది. నేను కత్తిని చాచా చేతిలో పెట్టాను. ఆపరేషన్ చేయించుకున్నా ఆయనకు చూపు సరిగ్గా కుదరలేదు. బొటనవేలితోనే తడిమాడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి. మూడోసారి మడమ దగ్గర ఆగిపోయాడు.

"దీంట్ల ముగ్గురున్నరు" అన్నాడు.

"ఇద్దరు చాచా. ఆమె మొగడు, మరిది."

"ముగ్గురు." ఆయన కత్తి కింద పెట్టి చెయ్యి చాచాడు. గాలిలో వెతికి నా ఎడమ మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టు ఇప్పటికీ నాకు తెలుస్తుంది. "మూడోది ఇక్కడున్నది. నేను ఆపరేషన్‌కు పోయినప్పుడు ఏం చేసినవ్?"

చెప్పాను. మొత్తం చెప్పాను. ఆయన తిట్టలేదు. దొడ్లో ఉన్న ఆముదం మొక్క నుంచి లావుపాటి కాడ తెమ్మన్నాడు. నిలువుగా పట్టుకుని, నేరుగా కిందికి కొయ్యమన్నాడు. కోశాను. కత్తి రెండు వేళ్ళ మందం దిగి, దానంతట అదే ఎడమకు తిరిగింది. మళ్ళీ కోశాను, చెయ్యి బిగబట్టి. మళ్ళీ ఎడమకే. ఎవరో పక్కన నిలబడి నా మోచేతిని మెల్లగా నూకినట్టు.

"కుడి దిక్కు ఎక్కువ చెక్కినవ్, ఎడమ దిక్కు వదిలిపెట్టినవ్" అన్నాడు చాచా. "గట్లాంటి కత్తి ఎడమకే గుంజుతది. వాడు రోజు దాన్నే చెక్క మీద రుద్దుకున్నడు. నీ వంకర మీదనే పదును పెట్టుకున్నడు. గెల సక్కగ కొయ్యాలంటే వాడే ఎడమకు ఒరగాలె. ఒరిగిండు. ఇప్పుడు వాని తమ్ముడు ఒరుగుతున్నడు."

అంత ఎండలో, రోడ్డు వైపు తెరిచి ఉన్న కొట్టులో, నాకు చలేసింది. పద్మమ్మకు మరిదిలో కనిపిస్తున్నది భర్త. భర్త లోపల ఉన్నది నేను.

"నువ్వు చెప్పు చాచా. నాతోని కాదు."

"నేను చెప్ప. వంకర నీది."

పద్మమ్మ వచ్చింది. తుప్పు తీసి ఇచ్చాను. అంచు ముట్టలేదు. నోరు కూడా విప్పలేదు. ఆమె తువ్వాలలో కత్తిని పసిపిల్లను చుట్టినట్టు చుట్టుకుని పోయింది. ఈ వృత్తిలో నేను చేసిన తప్పుల్లో అన్నిటికంటే పెద్దది బాలయ్య గౌడు కత్తి పాడుచేయడం కాదు. అది నేర్చుకునే మనిషి తప్పు. తెలిసీ ఆ మధ్యాహ్నం ఆమెను అట్లా పోనివ్వడం పెద్ద తప్పు.

వీపనగండ్ల

నాలుగు రోజులు నాకు చెట్టు మీద మనిషే కళ్ళ ముందు. ఐదో రోజు, అంగళ్ళకు తీసుకుపోయే సైకిల్ సానను ఆటోలో వేసుకుని పోయాను. ఊరు దాటాక చేల గట్ల మీద తాటి చెట్లు వరుసగా ఉన్నాయి. సాయంత్రం కల్లు గీత అప్పుడే మొదలైంది. గాలి లేదు. ఎండిన తాటి మట్టలు మాత్రం పైన ఎక్కడో గరగరమంటున్నాయి.

పద్మమ్మ ఒక చెట్టు కింద నిలబడి ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. వేలితో పైకి చూపించింది.

"చూడు" అంది.

చూశాను. మోకు మీద ఆనుకుని ఒక మనిషి. ఎడమ భుజం కిందికి జారి ఉంది. మెడ ఆ వైపే ఒరిగి ఉంది. ఒళ్ళంతా చెట్టుకు ఒక పక్కకే వేలాడుతోంది. కత్తి కదిలినప్పుడల్లా ఆ భుజం ఇంకాస్త దిగుతోంది. బాలయ్య గౌడు చెట్టెక్కడం నేను ఎన్నడూ చూడలేదు. అయినా నాకు తెలిసిన భంగిమే అది. సాన ముందు ఎడమ వైపు పట్టేటప్పుడు, గీత జారుతుందేమోనని భయపడుతూ నేను నిలబడే తీరు.

"ఇగో, పైలం" అంది పద్మమ్మ పైకి. మరిదితో మాట్లాడే గొంతు కాదది. "తొందరేం లేదు. మెల్లగ దిగు."



శ్రీను దిగి వచ్చాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ముఖం పాలిపోయి ఉంది. దిగాక కూడా భుజం సరిగ్గా పైకి రాలేదు. నేను ఎవరో చెప్పుకున్నాను. గట్టు మీది ఆముదం కాడ ఒకటి విరిచి, "దీన్ని సక్కగ కొయ్యి తమ్మీ" అన్నాను. కోశాడు. కత్తి ఎడమకు తిరిగింది. రెండోసారీ అంతే.

"గిదే" అన్నాడు, కత్తిని దూరంగా పట్టుకుని. "గిట్లనే నూకుతడు అక్కా. పైన గూడ గిట్లనే."

"నూకేటిది మీ అన్న కాదు. నేను."

చెప్పాను. ఆపరేషన్ రోజులూ, కుడి వైపూ, ఎడమ వైపూ, మెరుగు పెట్టి దాచడమూ. ఆయన పడడానికి అదే కారణమా అంటే నాకు తెలియదనీ, కాదని మాత్రం అనలేననీ చెప్పాను. మోకు పాతదై ఉండొచ్చు, వాన కావచ్చు. కానీ ఆయన ఒరిగింది నా వల్లే.

శ్రీను నేల మీద కూర్చుండిపోయాడు. కోపం వచ్చిందో, ఊపిరి వచ్చిందో ముఖం చూస్తే తెలియలేదు. పద్మమ్మ మాత్రం కదల్లేదు.

"నువ్వు చెప్పేది కత్తి ముచ్చట" అంది. "నాకు కావలసింది ఆయన ముచ్చట. మూడేండ్ల సంది ఆయన కలలకు గూడ రాలే. ఇప్పుడు వచ్చిండు. నువ్వొచ్చి కాదంటే ఎట్ల?"

"దాన్ని సమంగా పట్టనీ అక్కా. లేకుంటే శ్రీను..."

"అంచు ముట్టొద్దన్న గదా!"

ఆమె మరిది చేతిలోంచి కత్తి లాక్కుని రొమ్ముకు ఆనించుకుంది. పదును వైపే లోపలికి. శ్రీను లేచి, ఆమె ముందు నిలబడి, మెల్లగా అన్నాడు:

"వదినె. నాకిద్దరు పిల్లలున్నరు. అన్న నిజంగ ఉంటే, దీన్ని పట్టుకోని ఎక్కమంటడా నన్ను?"

ఆమె చాలాసేపు చెట్టు పైకి చూసింది. ఖాళీ చెట్టు. తర్వాత కత్తిని నా చేతికి ఇవ్వకుండా నేల మీద పెట్టి పక్కకు జరిగింది.

శ్రీను సైకిల్ తొక్కాడు, సాన తిరిగింది. చెక్కవలసింది ఎడమ వైపు. అంటే నా చెడ్డ చేతితో. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, నడుముతో పోవడం మొదలుపెట్టాను. ఒక గీత, నీళ్ళు. ఒక గీత, నీళ్ళు. మెల్లమెల్లగా ఆ గుంత చదునవుతోంది. బాలయ్య చెయ్యి ఇరవయ్యోవంతు, పదోవంతు, సగం పోతోంది. సగానికి వచ్చాక ఒక గీతలో కత్తి నా చేతిలో ఎడమకు కొట్టుకుంది. సాన పట్టిందనుకోండి, శ్రీను తొక్కుడు తప్పాడనుకోండి. నాకు మాత్రం మోచేతిని ఎవరో నూకినట్టే తెలిసింది. ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

అయిపోయాక రెండు వైపుల మెరుపులూ ఒకే వెడల్పున, ఒకే గీత మీద కలిశాయి. ఆముదం కాడ కోస్తే కత్తి నిలువునా కిందికి దిగింది, తల వంచకుండా.

శ్రీను అప్పుడే మిగిలిన చెట్లు గీయడానికి ఎక్కాడు. మొదటి చెట్టు మీద అలవాటుగా భుజం దించి, మళ్ళీ తనే సర్దుకున్నాడు. రెండో చెట్టుకు వచ్చేసరికి నిటారుగా ఉన్నాడు. అతను ఇప్పటికీ ఎక్కుతున్నాడు. పండుగలకు నాకు ఫోన్ చేస్తాడు. పద్మమ్మ ఎన్నడూ చేయలేదు.

ఆ సాయంత్రం ఆమె రెండో చెట్టు కిందనే నిలబడి చూసింది. "పోయిండు" అంది ఒక్కసారి. ఇంకెవరితోనూ కాదు, నాతోనూ కాదు.

సాన పని మొదలుపెట్టే పిల్లలకు నేను చెప్పేది ఇదే. రెండు వైపులా సమంగా వచ్చిందో లేదో ఏదైనా కోసి చూడకుండా కత్తి గిరాకీ చేతిలో పెట్టకండి. మెరుగు చివర పెట్టండి, తప్పు దాచడానికి పెట్టకండి. మీ వంకర మీ దగ్గర ఆగదు. అది ఎవరి భుజంలోకో పోతుంది.

నేను సైకిల్ సర్దుకుంటుంటే పద్మమ్మ వచ్చి నీళ్ళ డబ్బా పట్టుకుంది. పారబోయబోతున్నదాన్ని ఆగాను. ఆమె నీళ్ళు మెల్లగా ఒంచేసింది. అడుగున నల్లటి ఉక్కు రజను బురదలాగా మిగిలింది. దాన్ని వేలితో ముట్టి, వేలిని వెలుతురులో చూసింది.

"ఇండ్ల ఆయన ఎంతున్నడు, నువ్వెంతున్నవ్?" అని అడిగింది.



ఆమె వేలితో ఆ బురదకు నడుమ గీత గీసింది. ఒక సగం తీసి కొంగు కొసలో వేసి ముడి వేసుకుంది. డబ్బాను నా వైపు జరిపింది.

"ఇది నీ పాలు. పట్టుకపో."

తీసుకున్నాను. వీపనగండ్ల నుంచి వనపర్తి దాకా ఆటోలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. డబ్బాకు మూత లేదు. ఆరి గాలికి ఎగరకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాను.